నీటి మూడు స్థితుల ప్రయోగ పెట్టె: థర్మామీటరు కదలని చోటే దీని విలువ

నీటి స్థితి మార్పులను ఇంట్లోనే ప్రయోగాలు చేసి తెలుసుకోవడానికి ఉద్దేశించిన పెట్టెలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం, మంచు కరిగితే నీరు, నీరు మరిగితే ఆవిరి అన్న విషయాన్ని రంగుల బొమ్మలతో మరోసారి చెప్పి ఊరుకుంటాయి. ఆ సంగతి పిల్లలకు పెట్టె తెరవకముందే తెలుసు. వారికి తెలియనిదల్లా, మంచు కరుగుతున్నంతసేపూ, నీరు మరుగుతున్నంతసేపూ మనం ఇస్తూ ఉన్న వేడి ఎక్కడికి పోతోందన్నది. నేను ఇక్కడ సమీక్షిస్తున్న పెట్టె ఆ ప్రశ్నను మొదటి ప్రయోగంలోనే పిల్లల ముందు పెడుతుంది. అందుకే, దీనిలో కనిపించిన లోపాలు చిన్నవి కాకపోయినా, ఇది కొనదగిన వస్తువేనని ముందుగా చెప్పి, ఆ తరువాత వివరాల్లోకి వెళతాను.

పెట్టెలో వంద వాట్ల చిన్న విద్యుత్ పొయ్యి, వేడిని తట్టుకునే గాజు బీకరు, ఒక ఫ్లాస్కు, రెండు రంధ్రాల రబ్బరు బిరడా, వంచిన గాజు గొట్టం, మైనస్ 20 నుంచి 110 సెల్సియస్ డిగ్రీల వరకు గీతలున్న థర్మామీటరు, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, సూది లేని 50 మిల్లీలీటర్ల సిరంజి, దాని కొనకు బిగించే మూత, ప్లాస్టిక్ కొలగొట్టాలు, గాజు కడ్డీ, స్టాప్‌వాచ్, ప్రయోగాల పుస్తకం ఉన్నాయి. గాజు సామాను నాణ్యత బాగుంది. పొయ్యి మీద దాని సామర్థ్యం ఎన్ని వాట్లో స్పష్టంగా ముద్రించడం చూడటానికి చిన్న విషయమే అయినా, ఈ పెట్టెను రూపొందించినవారు దేనిని ముఖ్యమనుకున్నారో అది చెబుతుంది. పొయ్యి సెకనుకు 100 జౌళ్ల (జౌలు అంటే వేడిని కొలిచే ప్రమాణం) చొప్పున వేడిని ఇస్తుందని తెలిస్తే, స్టాప్‌వాచే వేడిని కొలిచే సాధనం అవుతుంది.

మొదటి ప్రయోగంలో 100 గ్రాముల మంచును చితక్కొట్టి బీకరులో వేసి, థర్మామీటరు ఉంచి, పొయ్యి మీద పెట్టి, అర నిమిషానికి ఒకసారి ఉష్ణోగ్రతను రాసుకోవాలి. ఫ్రీజరు నుంచి తీసిన మంచు సాధారణంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, మొదట థర్మామీటరులోని ఎర్రని గీత చకచకా పైకి వస్తుంది. సున్నా దగ్గరకు రాగానే ఆగుతుంది. పొయ్యి వేడిగానే ఉంటుంది, మంచు ముక్కల అంచులు గుండ్రబడుతూ ఉంటాయి, అడుగున నీరు పెరుగుతూ ఉంటుంది, గీత మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఒక గ్రాము మంచు పూర్తిగా కరగడానికి 334 జౌళ్లు కావాలి. అంటే వంద గ్రాములకు 33,400 జౌళ్లు, ఈ పొయ్యి లెక్కన అయిదున్నర నిమిషాలు. ఆ అయిదున్నర నిమిషాల్లో ఇచ్చిన వేడి అంతా, మంచు స్ఫటికంలో ఒకదానినొకటి క్రమంగా పట్టుకుని ఉన్న నీటి అణువులను ఆ అమరిక నుంచి విడదీయడానికే ఖర్చవుతుంది. అణువుల వేగం పెరగదు కనుక ఉష్ణోగ్రతా పెరగదు. దీనినే పాఠ్యపుస్తకాల్లో ద్రవీభవన గుప్తోష్ణం అంటారు. నిర్వచనం కంఠస్థం చేసిన పిల్లలు కూడా, కాగితం మీద వరుసగా సున్నాలు రాస్తూ పోతున్నప్పుడు, థర్మామీటరు చెడిపోయిందా అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టేవరకు పుస్తకం జవాబు చెప్పకుండా ఓపిక పట్టడం నాకు ఎంతో నచ్చింది.

ఈ ప్రయోగం చేసేవారు గమనించవలసిన ఒక విషయాన్ని మాత్రం పుస్తకం సరిగా నొక్కి చెప్పలేదు. గాజు కడ్డీతో ఆపకుండా కలుపుతూ ఉండకపోతే, పైన మంచు తేలుతూ ఉండగానే అడుగున థర్మామీటరు మూడు, నాలుగు డిగ్రీలు చూపిస్తుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కనుక, ఆ ఉష్ణోగ్రతకు చేరిన నీరు అడుగుకు చేరుతుంది. ఈ కారణం తెలియని పిల్లవాడు, మంచు కరుగుతున్నప్పుడు ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటుందన్న మాటే తప్పనుకునే ప్రమాదం ఉంది. కలపమని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయకుండా, ఎందుకు కలపాలో కూడా రాసి ఉండవలసింది.

రెండవ ప్రయోగం ఈ పెట్టెలోకెల్లా ఉత్తమమైనదని నా అభిప్రాయం. కరగడం మొదలైన మంచును 50 గ్రాములు తూచి, దానిలో 80 డిగ్రీల వేడి నీటిని 50 గ్రాములు పోయమంటారు. పోసే ముందు, చివరికి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో ఊహించి రాయమంటారు. సున్నాకూ ఎనభైకీ మధ్య నలభై కనుక దాదాపు అందరూ నలభై అని రాస్తారు. వేడి నీటిని పోసి కలిపితే, మంచు పూర్తిగా కరిగేసరికి థర్మామీటరు సున్నాకు చాలా దగ్గరగా నిలుస్తుంది. గాజు పాత్ర నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి వచ్చిన కొద్దిపాటి వేడి వల్ల ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపవచ్చు. ఒక గ్రాము మంచును నీరుగా మార్చడానికి కావలసిన వేడి, ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు తీసుకుపోవడానికి కావలసిన వేడితో దాదాపు సమానం. ఆ సమానత్వాన్ని త్రాసు, థర్మామీటరు తప్ప మరేమీ లేకుండా ఇంత సూటిగా చూపే ప్రయోగం నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ఇదే సందర్భంలో పుస్తకం జోసెఫ్ బ్లాక్ గురించి రెండు పేజీలు కేటాయించింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1760ల తొలి సంవత్సరాల్లో ఈ విషయాన్ని తేల్చిన స్కాట్లండ్ శాస్త్రవేత్త ఆయన. గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్న నీటిని ఒక పాత్రలో, అంతే బరువున్న మంచును మరొక పాత్రలో తీసుకుని, రెంటినీ ఒకే గదిలో వేలాడదీసి చూశారు. నీరు అరగంటలో 7 ఫారన్‌హీట్ డిగ్రీలు వేడెక్కితే, మంచు కరిగి అదే ఉష్ణోగ్రతకు రావడానికి పదిన్నర గంటలు పట్టింది. గది రెండు పాత్రలకూ ఒకే రీతిలో వేడిని ఇస్తున్నప్పుడు, ఇంత తేడాకు కారణం మంచు లోపలే ఉండాలని ఆయన గ్రహించారు. పొయ్యి లేకుండా, కాలాన్నే కొలమానంగా చేసుకున్న ఆ పద్ధతి, ఈ పెట్టెలోని స్టాప్‌వాచ్ పద్ధతికి మూలం. చరిత్రను ప్రయోగానికి ఇంత చక్కగా జతచేసిన పుస్తకం, అదే పేజీలో 1742లో ఆండర్స్ సెల్సియస్ నీరు గడ్డకట్టే బిందువుకు సున్నా అని, మరిగే బిందువుకు 100 అని పేరు పెట్టినట్లు రాయడం మాత్రం సరికాదు. ఆయన పెట్టింది దానికి సరిగ్గా తలకిందులు. ఇప్పుడు మనం వాడే వరుస తరువాత వచ్చింది.

ఇక మరిగించే ప్రయోగాల సంగతి. సున్నా నుంచి వంద డిగ్రీల వరకు వంద గ్రాముల నీరు వేడెక్కడానికి ఈ పొయ్యి లెక్కన ఏడు నిమిషాలు పట్టాలి, ఆ నీరంతా ఆవిరి కావడానికి ముప్పై ఏడున్నర నిమిషాలు పట్టాలి. ఎందుకంటే ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,257 జౌళ్లు కావాలి. వాస్తవంలో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. బీకరు గదికన్నా వేడిగా ఉన్నంతసేపూ చుట్టూ ఉన్న గాలి దాని వేడిని తీసుకుంటూనే ఉంటుంది. ఈ నష్టాన్ని పుస్తకం ప్రస్తావించకపోవడం వల్ల, పిల్లలు తమ లెక్క తప్పిందని నిరుత్సాహపడవచ్చు. పొయ్యి ఆపి, వేడి నీరు నిమిషానికి ఎన్ని డిగ్రీలు చల్లారుతోందో కొలిస్తే ఆ నష్టం ఎంతో సుమారుగా తెలిసిపోతుంది. ఆ ఒక్క అదనపు కొలతను చేర్చితే ప్రయోగం ఎంతో మెరుగయ్యేది.

నీరు మరిగే ముందు జరిగేవాటిని వివరించిన తీరు మాత్రం ప్రశంసనీయం. మొదట గాజుకు అంటుకుని కనిపించే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలివి. తరువాత అడుగున పుట్టే బుడగలు ఆవిరివి. అవి పైకి లేచి, ఇంకా చల్లగా ఉన్న నీటిలోకి రాగానే మళ్లీ నీరై కుప్పకూలతాయి, మరగబోయే నీరు చేసే సన్నని రొద అక్కడినుంచే వస్తుంది. నీరంతా ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక బుడగలు కూలకుండా ఉపరితలం దాకా చేరి పగులుతాయి, రొద తగ్గి కుతకుతలాడే చప్పుడు మొదలవుతుంది. చెవితో విని స్థితి మార్పును గుర్తించమని చెప్పే పుస్తకాలు అరుదు.

ఇంత శ్రద్ధ చూపిన పుస్తకం, గొట్టం చివర తెల్లగా కనిపించేదాన్ని నీటి ఆవిరి అని బొమ్మ కింద రాయడం నాకు నిజంగా బాధ కలిగించింది. నీటి ఆవిరి కంటికి కనిపించదు. ఫ్లాస్కులో నీరు బాగా మరుగుతున్నప్పుడు గొట్టం మూతి దగ్గర జాగ్రత్తగా చూస్తే, మూతిని ఆనుకుని కొద్దిపాటి జాగా ఖాళీగా ఉన్నట్లు కనిపిస్తుంది, ఆ తరువాతే తెల్లదనం మొదలవుతుంది. ఖాళీగా తోచే ఆ చోటే ఆవిరి ఉంది. తెల్లగా ఉన్నది ఆ ఆవిరి గాలి తగిలి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి బిందువుల గుంపు, అంటే అప్పటికే మళ్లీ ద్రవంగా మారిన నీరు. మరికాస్త దూరం పోయాక ఆ తెల్లదనం కూడా మాయమవుతుంది, ఎందుకంటే ఆ బిందువులు చుట్టూ ఉన్న గాలిలోకి ఆవిరైపోతాయి. ఒక్క గొట్టం మూతి దగ్గర వాయువు, ద్రవం, తిరిగి వాయువు వరుసగా కనిపిస్తుంటే, బొమ్మ కింద రాసిన ఒక్క తప్పు మాట ఆ అవకాశాన్నంతా పోగొట్టింది.

దీనికన్నా తీవ్రమైనది ఆవిరిని చల్లార్చి నీరుగా పట్టుకునే ప్రయోగంలోని బొమ్మ. అందులో గొట్టం చివర, సేకరించే పాత్రలోని నీటిలో మునిగి ఉన్నట్లు చూపారు. వాతావరణ పీడనం దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరిగా సుమారు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పొయ్యి ఆపగానే ఫ్లాస్కులోని ఆవిరి నీరై, ఆ చోటంతా దాదాపు శూన్యంగా మారుతుంది. అప్పుడు గొట్టం చివర నీటిలో ఉంటే, బయటి గాలి పీడనం ఆ చల్లని నీటిని వేడి ఫ్లాస్కులోకి తోస్తుంది, గాజు పగిలే అవకాశం ఉంది. గొట్టం చివర ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి. పెట్టె కొన్నవారు ఆ బొమ్మను పెన్నుతో కొట్టివేసి, ఈ సంగతిని పక్కన రాసి పెట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను. గొట్టం మూసుకుపోకుండా చూడటం, ఆవిరి దారిలో చేయి పెట్టకపోవడం కూడా అంతే ముఖ్యం. ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు, తాను మరిగేటప్పుడు తీసుకున్న 2,257 జౌళ్లనూ గ్రాముకు గ్రాము తిరిగి ఇచ్చేస్తుంది కనుక, ఆవిరి వల్ల అయ్యే గాయం మరిగే నీటి వల్ల అయ్యేదానికన్నా లోతుగా ఉంటుంది. హెచ్చరికల పేజీలో జాగ్రత్త అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది, ఈ కారణం మాత్రం ఎక్కడా లేదు.

మరిగే బిందువు పీడనాన్ని బట్టి మారుతుందని చూపడానికి ఇచ్చిన సిరంజి ప్రయోగం చూసినవారెవరైనా ఆశ్చర్యపోతారు. సుమారు 60 డిగ్రీల నీటిని సిరంజిలోకి కొద్దిగా తీసుకుని, గాలిని బయటకు తోసి, కొనకు మూత బిగించి, ముషలకాన్ని, అంటే సిరంజి లోపల కదిలే కడ్డీని, వెనక్కు లాగితే నీరు బుడగలతో మరగడం మొదలుపెడుతుంది. ఆ ఉష్ణోగ్రతలో నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో అయిదో వంతు మాత్రమే. లోపలి పీడనాన్ని అంతవరకు తగ్గిస్తే మరగడానికి వంద డిగ్రీలు అక్కరలేదు. ఎవరెస్టు శిఖరం మీద నీరు 70 డిగ్రీల చుట్టుపక్కలే మరగడానికీ, ఆసుపత్రి పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పీడనం పెంచి ఆవిరిని 121 డిగ్రీలకు తీసుకుపోగలగడానికీ ఇదే కారణం.

ఇక్కడ పుస్తకం చెప్పని మెలకువ ఒకటి ఉంది. మొదటిసారి లాగినప్పుడు వచ్చే బుడగల్లో కొన్ని నీటిలో కరిగి ఉన్న గాలివి కావచ్చు. ముషలకాన్ని వదిలినప్పుడు ఆవిరి బుడగలు నీరై పూర్తిగా అదృశ్యమవుతాయి, గాలి బుడగలు మాత్రం చిన్నవై మిగిలిపోతాయి. మిగిలినవాటిని బయటకు తోసి మళ్లీ లాగితే, అప్పుడు కనిపించేది నిజమైన మరుగుడు. సాధనం విషయంలో నా అభ్యంతరం సిరంజి పరిమాణం. 50 మిల్లీలీటర్ల సిరంజి ముషలకాన్ని అలా వెనక్కు లాగి పట్టుకోవడానికి దాదాపు అయిదు కిలోల బరువును ఎత్తినంత బలం కావాలి. పిల్లల చేతులకు అది కష్టం. 20 మిల్లీలీటర్ల సిరంజి ఇచ్చి ఉంటే, దాని ముషలకం వెడల్పు తక్కువ కనుక, సగం బలంతో పని జరిగేది.

చల్లబరిచే ప్రయోగాల్లో మొదటిది సులువైనది. ప్లాస్టిక్ కొలగొట్టంలో 10 మిల్లీలీటర్ల గీత వరకు నీరు పోసి ఫ్రీజరులో నిలబెడితే, గడ్డకట్టాక మట్టం సుమారు 10.9కి చేరుతుంది. మంచు స్ఫటికంలో అణువులు ఆరు భుజాల వలయాలుగా, మధ్యలో ఖాళీలు విడిచి అమరుతాయి కనుక, ద్రవంలో కన్నా ఎక్కువ చోటు తీసుకుంటాయి. మంచు నీటి మీద తేలేదీ, చలి దేశాల చెరువులు పైనుంచి గడ్డకట్టి అడుగున చేపలను బతకనిచ్చేదీ ఇందువల్లే.

మంచులో ఉప్పు కలిపి ఉష్ణోగ్రతను సున్నాకు దిగువకు తెచ్చే ప్రయోగం బాగుంది గాని, దానికి ఇచ్చిన థర్మామీటరు చాలదు. మూడు పాళ్ల మంచుకు ఒక పాలు ఉప్పు కలిపితే ఉష్ణోగ్రత మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు, థర్మామీటరు గీతలు మైనస్ 20 దగ్గరే ఆగిపోయాయి. పైగా నాకు వచ్చిన థర్మామీటరు కరిగే మంచులో సున్నా చూపవలసింది పోయి, ఒక గీత పైన నిలిచింది. కరుగుతున్న మంచే థర్మామీటరును సరిచూసుకోవడానికి ఇంట్లో దొరికే నమ్మకమైన ప్రమాణం కనుక, మిగతా ప్రయోగాలకు ముందే ఆ తేడా ఎంతో చూసి, ప్రతి కొలత నుంచి తీసివేయడం మంచిది.

ఆ ఉప్పు మంచులోనే, శుభ్రమైన కొలగొట్టంలో కాచి చల్లార్చిన నీటిని కదలకుండా ఉంచే ప్రయోగం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గడ్డకట్టడం మొదలుకావడానికి స్ఫటికానికి ఒక ఆధారం కావాలి, అది ధూళి రేణువు కావచ్చు, మరో మంచు పలుకు కావచ్చు. ఆధారం దొరకనప్పుడు నీరు సున్నాకు దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. మేఘాల్లోని సన్నని బిందువులు మైనస్ 38 డిగ్రీల దాకా అలా ఉండగలవు. కొలగొట్టంలోని నీరు మైనస్ అయిదు, ఆరు దాటాక చిన్న మంచు పలుకును దానిలో వేస్తే, ఆ పలుకు నుంచి సూదుల్లాంటి స్ఫటికాలు చూస్తుండగానే అడుగుదాకా పాకుతాయి, అదే క్షణంలో థర్మామీటరు సున్నాకు ఎగబాకుతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు వేడిని బయటకు ఇస్తుందన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఉండదు. మైనస్ 8 దగ్గర ఇలా జరిగితే నీటిలో సుమారు పదో వంతు గడ్డకట్టేసరికే విడుదలైన వేడి మిగిలిన నీటిని సున్నాకు తెచ్చేస్తుంది, అందుకే గొట్టంలో గట్టి మంచుకు బదులు జావలాంటి మిశ్రమం మిగులుతుంది. ప్రయోగం కొన్నిసార్లు విఫలమవుతుందని, గొట్టాన్ని మళ్లీ కడిగి ప్రయత్నించమని పుస్తకం నిజాయితీగా చెప్పింది.

ఈ పెట్టెలో పూర్తిగా లోపించినది ఉత్పతనం. మంచు ద్రవంగా మారకుండానే ఆవిరి కావడాన్నీ, ఆవిరి నేరుగా మంచు కావడాన్నీ ఒక్క బాణం గుర్తుతో ముగించి, ఇంట్లో చూపడం సాధ్యం కాదని రాశారు. ఇది అన్యాయం. ఉప్పు మంచు ఉన్న పాత్ర బయటి గోడ మీద కాసేపట్లోనే తెల్లని నూగు మంచు పేరుకుంటుంది, దానిలో చాలా భాగం గాలిలోని ఆవిరి నుంచి నేరుగా వచ్చినదే. మంచు ముక్కల పళ్లేన్ని మూత లేకుండా ఫ్రీజరులో ఉంచి, వారానికోసారి పెట్టెలోని త్రాసు మీదనే తూస్తే, ఎక్కడా కరగకుండానే బరువు తగ్గుతూ పోవడం అంకెల్లో కనిపిస్తుంది. కావలసిన సాధనాలన్నీ లోపలే ఉన్నాయి, లేనిదల్లా ఒక పేజీ.

బాష్పీభవనం వల్ల కలిగే చల్లదనాన్ని చూపడానికి థర్మామీటరు బల్బుకు తడి బట్ట చుట్టమన్నారు. రెండో థర్మామీటరు లేనందువల్ల పొడి గాలి ఉష్ణోగ్రతతో పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. మైనస్ 30 వరకు గీతలున్న మరో థర్మామీటరును విడిగా తెచ్చుకుంటే ఈ లోటూ, ఉప్పు మంచు ప్రయోగంలోని లోటూ రెండూ తీరతాయి.

పెట్టె మీద ఎనిమిదేళ్లు పైబడినవారికి అని ఉంది. ఆ వయసు పిల్లలు మంచు కరిగించడం, గడ్డకట్టించడం, త్రాసు మీద తూయడం వరకు తమంతట తాము చేయగలరు. ఫ్లాస్కు, గొట్టం, బిరడా వాడే ప్రయోగాలను పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక, పక్కన పెద్దవారు ఉన్నప్పుడే చేయనివ్వాలి. మరిగిస్తున్నంతసేపూ ఆ పెద్దవారు గొట్టం చివర ఎక్కడ ఉందో చూస్తూ ఉండాలి.